సిక్స్ వెయిట్ రాడ్‌కు ఏ ఫ్లై లైన్? యాకిమా నదిలో దీర్ఘకాల వాడకం తరువాత

తొమ్మిది అడుగుల సిక్స్ వెయిట్ రాడ్ ఒక్కదానితోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా నదిలోనూ, ఆ రాష్ట్రపు తూర్పు భాగంలో ఉన్న సరస్సుల్లోనూ ఏళ్ల తరబడి ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో ట్రౌట్ చేపలు పడుతున్నాను. ఇన్నేళ్లలో రాడ్ మారలేదు గానీ లైన్లు మాత్రం చాలా మారాయి. వాటిలో ఏవి రీల్ మీద నిలిచాయో, ఎందుకు నిలిచాయో ఇక్కడ వివరిస్తున్నాను.

మన చెరువుగట్ల మీద వేసే గాలంలో సీసం బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఫ్లై అనే ఎరకు అంత బరువు ఉండదు కాబట్టి, ఈ పద్ధతిలో రాడ్‌ను వంచేదీ, ఫ్లైని దూరానికి మోసుకుపోయేదీ లైన్ బరువే. రాడ్‌పై ముద్రించిన 6 అనే అంకె కూడా ఆ లైన్ బరువునే సూచిస్తుంది. అమెరికా చేపల వేట సామగ్రి తయారీదారుల సంఘం 1961లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం 6 నంబరు లైన్ మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు, అంటే సుమారు 10.4 గ్రాములు తూగాలి; 7 నంబరు లైన్‌కు అది 185 గ్రెయిన్లు. అయితే గ్రాఫైట్ రాడ్లు బిగువెక్కే కొద్దీ, పెట్టె మీద 6 అని రాసి ఉన్నా అంతకన్నా బరువు తూగే లైన్లు మార్కెట్లోకి వచ్చాయి. సైంటిఫిక్ యాంగ్లర్స్ వారి ఎంపీఎక్స్ అర నంబరు, రియో వారి గ్రాండ్ ఒక పూర్తి నంబరు బరువెక్కువ. ఇందులో మోసమేమీ లేదు, కంపెనీలే ఆ మాట చెబుతాయి. కొనేవారు మాత్రం అంకెను కాక గ్రెయిన్ల లెక్కను చూడాలి. అనుమానం ఉంటే బంగారం తూచే చిన్న డిజిటల్ తక్కెడ మీద మొదటి 30 అడుగులు పెట్టి చూసుకోవచ్చు.

నా రాడ్ మధ్యస్థంగా వంగే రకం. దానిపై పూర్తి నంబరు ఎక్కువైన లైన్ ఇరవై, ముప్పై అడుగుల దూరంలో హాయిగా పనిచేస్తుంది, కానీ యాభై అడుగులు దాటేసరికి రాడ్ పూర్తిగా వంగిపోయి లూప్, అంటే విసిరిన లైన్ గాలిలో తిరిగే వంపు, వెడల్పవుతుంది. ఎలెన్స్‌బర్గ్ దిగువ కనుమలో మధ్యాహ్నం లేచే ఎదురుగాలికి ఆ వెడల్పు లూప్ నిలవదు. గాలి ఉందంటే బరువైన లైన్ వేయమని చాలామంది ఇచ్చే సలహాతో నేను ఏకీభవించను. గాలిని చీల్చేది ఇరుకైన లూప్, అది రాడ్‌కు సరిపడే బరువుతోనే ఏర్పడుతుంది. ఎంతో ప్రయోగం తరువాత నా రీల్ మీద స్థిరపడింది ప్రమాణానికి దగ్గరగా తూగే, పొడవైన హెడ్ (ముందువైపు లావు భాగం) ఉన్న తేలే వెయిట్ ఫార్వర్డ్ లైన్, అంటే బరువు ముందు భాగంలోనే ఉండే రకం.

హెడ్ పొడవుకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి ఈ నది స్వభావమే కారణం. కీచెలస్, కచెస్, క్లె ఎలం జలాశయాల నుంచి సాగునీటిని వేసవిలో నదిలోకే వదులుతారు కాబట్టి, ఇతర నదులు సన్నబడే నెలల్లో యాకిమా ఎగువ భాగం నిండుగా, వేగంగా పారుతుంది. సెప్టెంబరులో ఆ విడుదల తగ్గగానే మట్టం పడిపోతుంది. నిండు ప్రవాహంలో ఫ్లై సహజంగా కొట్టుకుపోవాలంటే నీటి మీద పడిన లైన్‌ను ఎత్తి ఎగువకు తిప్పాలి. పొట్టి హెడ్ రాడ్ చివర దాటి వెళ్లిపోయాక మిగిలే సన్నని రన్నింగ్ లైన్ ఆ కదలికను ముందుకు అందించలేదు. రెండు కొసలూ ఒకేలా సన్నబడే డబుల్ టేపర్ లైన్ ఈ పనిలో ఇంకా మేలు, పైగా ఒక కొస అరిగితే తిప్పి ఎక్కించుకోవచ్చు. పడవలో నుంచి దూరం విసరవలసి వచ్చినప్పుడే అది వెనుకబడుతుంది.

మునిగే లైన్ల సంగతికి వస్తే, నదిలో పూర్తిగా మునిగే లైన్ నాకు ఉపయోగపడలేదు, ఎందుకంటే మునిగిన లైన్‌ను ఎగువకు తిప్పడం సాధ్యం కాదు. శరదృతువులో స్ట్రీమర్ (చిన్న చేపలా కనిపించే ఫ్లై) వేయడానికి తేలే లైన్ చివర పది అడుగుల మునిగే పాలీలీడర్ అనే అదనపు ముక్క తగిలిస్తే సరిపోతోంది. డ్రై ఫాల్స్ వంటి సరస్సులకు మాత్రం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు దిగే ఇంటర్మీడియట్ లైన్ తప్పనిసరి; దానికోసం రీల్‌కు మరో స్పూల్ (లైన్ చుట్టే చక్రం) ఉంచుకున్నాను. ఇంకా లోతుకు దిగే రకం కొనేవారు కొస నుంచి నడుము వరకు ఒకే వేగంతో మునిగేలా తయారైనదే అడగాలి, లేకపోతే లావుగా ఉన్న నడుము ముందు మునిగి, ఫ్లై పైనే ఉండిపోతుంది, చేప తాకిన సంగతి చేతికి తెలియదు.

మన్నిక విషయంలో ధరకు, ఆయుష్షుకు పొంతన కనిపించలేదు. వంద డాలర్లు దాటిన ఒక గరుకు పూత లైన్ రెండో సీజన్‌లోనే పగుళ్లిచ్చింది. దానిలో సగం ధర కూడా లేని నునుపు లైన్ ఇంకా వాడుకలో ఉంది. గరుకు పూత దూరం విసరడానికి తోడ్పడే మాట నిజమే గానీ, లైన్ లాగే వేలిని అది కోస్తుంది, రాడ్ మీది గైడ్ల (వలయాల) గుండా వెళ్లేటప్పుడు చేసే గీర చప్పుడు నాకు చిరాకు. దోమల మందులోని డీట్ పీవీసీ పూతను మెత్తబరచి పాడుచేస్తుంది కాబట్టి, అది రాసుకున్న చేతులు కడుక్కున్నాకే లైన్ ముట్టుకోవాలి. ఉష్ణమండల సముద్రాలకు తయారుచేసిన లైన్ తక్కువ ధరకు దొరికినా ఇక్కడి చన్నీటికి కొనవద్దు. చలికి అది బిరుసెక్కి, రీల్ నుంచి చుట్టలు చుట్టలుగానే బయటకు వస్తుంది.