కోట దగ్గర పాత ఇల్లు కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు ఇది చదవండి

ఖిల్లా వరంగల్‌లో గానీ, హన్మకొండ వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల గానీ తాతల నాటి పెంకుటిల్లు అమ్మకానికి ఉందని ఎవరైనా చెప్తే, ధర మాట్లాడక ముందే ఒకటి అడగండి: "రక్షిత కట్టడం హద్దు నుంచి ఈ జాగ ఎన్ని మీటర్లు?" దానికి లెక్క చెప్పకుండా "అవన్నీ తర్వాత చూస్కుందాం తియ్యన్నా" అన్నారంటే బయానా మీ దగ్గరే ఉంచుకోండి. మా 3 లక్షలు ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే.

ఇల్లు కోటకు దగ్గర్లోనే ఉంది. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ బాగు చేయించి ఉంచుకుందామా, అమ్మేద్దామా అని చాన్నాళ్లు తర్జనభర్జన పడ్డారట. చివరికి రెండూ చేశారు. గోడలకు సిమెంటు పూత, దాని మీద రంగు, ముందరి అర్రకు పీఓపీ సీలింగు వేయించి, ఆ తర్వాత అమ్మకానికి పెట్టారు. బ్రోకరైతే ఇంటి సంగతే ఎత్తలేదు. "కూలగొట్టి జీ ప్లస్ టూ లేపుండ్రి, కింద మడిగెలు వెయ్యుండ్రి, కిరాయిలతోనే బతకొచ్చు" అని ఊదరగొట్టాడు. పక్క సందులో కొత్తగా పోసిన స్లాబు కూడా చూపించాడు, సాక్ష్యం అన్నట్టు.

నోటరీ కాగితం రాసుకుని బయానా ఇచ్చాక ప్లాను గీయిద్దామని ఇంజనీరు దగ్గరికి పోయాం. ఎక్కడని అడిగి, చెప్పగానే "అక్కడ కొత్తది కట్టనియ్యరు సార్" అన్నాడు.

1958 నాటి పురావస్తు చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం. అందులో కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇక్కడ కట్టుకోవచ్చు గానీ, కార్పొరేషన్ పర్మిషన్ ఒక్కటే చాలదు, జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ అనుమతి కూడా తెచ్చుకోవాలి. కాదని కడితే 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. పక్కాయన స్లాబు పోశాడు కదా అంటే, ఆ కేసు ఆయన చూసుకుంటాడు.

చాలామంది పొరబడేది కొలత దగ్గర. మీటర్లు కీర్తి తోరణం నుంచో, గుడి మెట్ల నుంచో లెక్కపెట్టరు. రక్షిత స్థలం హద్దు నుంచి లెక్క. ఖిల్లాలో తోరణాలతో పాటు కోట గోడలు, దర్వాజలు కూడా రక్షణలో ఉన్నవే. తోరణాలు ఇక్కడికి కనిపించను కూడా కనిపించవు అనుకున్న ఇల్లు కూడా ఆ 100 మీటర్లలో పడొచ్చు.

మరమ్మతుకు మాత్రం దారి ఉంది. 1992 జూన్ 16కు ముందు నుంచే ఉన్న ఇల్లయితే, అనుమతికి దరఖాస్తు పెట్టుకుని బాగు చేయించుకోవచ్చు. అంటే నిషిద్ధ ప్రాంతంలో మీకు దక్కేది ఆ పాత గోడలు, ఆ దూలాలే. ఖాళీ ప్లాటు రేటు చెప్తే ఎందుకివ్వాలి?

అందుకని గోడలు బాగా చూడండి. మట్టిగోడకు, డంగుసున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. ఎండాకాలం అద్దంలా మెరుస్తుంది, ఒక వానాకాలం గడిస్తే అడుగున ఉప్పు పూసి పెచ్చులు లేస్తాయి. మేం చూసిన ఇంట్లో అప్పటికే బీరువా వెనక గోడ ఉబ్బి ఉంది. సీలింగు పలక ఒకటి విప్పించి దూలాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, సగం దాకా మెత్తగా దిగింది. చెదలు. పలక విప్పడానికి ఒప్పుకోకపోతే కారణం మీరే ఊహించుకోండి. ఆ రిపేర్లకు అనుమతి తీసుకున్నారా అని కూడా అడగండి. మేం అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాగితాల సంగతి. సంతకానికి అన్నదమ్ములిద్దరే వచ్చారు. వాళ్లకు అక్క ఉందని పక్కింటి అవ్వ చెప్తేనే మాకు తెలిసింది. "అక్కకు పెండ్లప్పుడే పెట్టుపోతలు చేసినం" అంటారు. పెండ్లిలో ఎంత పెట్టినా వాటా పోదు. ఆమె తన వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఇవ్వాలి, లేదా అమ్మకం దస్తావేజులో తనూ సంతకం పెట్టాలి. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఏమీ లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు, అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే, వారసుల పేర్లు కావు. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. "పోనీ, మా వాటా వరకే కొనుండ్రి" అన్నా ఒప్పుకోవద్దు. పంచుకోని ఉమ్మడి ఇంట్లో ఒకరి వాటా కొన్న బయటివాళ్లకు ఆ ఇంట్లో కలిసి ఉండే హక్కు లేదని 1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెప్తుంది. వాటా పంచమని కోర్టుకు పోవాల్సిందే.

అన్నట్టు, దర్వాజలు, కిటికీలు, దూలాలు అగ్రిమెంటులో ఒక్కొక్కటిగా రాయించండి. బయానా ఇచ్చాక మళ్లీ పోయి చూస్తే చెక్కిన టేకు దర్వాజ మాయం, దాని చోట ఫ్లష్ డోర్. "నాయిన గుర్తుకని తీసుకున్నం" అన్నారు. గుర్తుకు తీసుకోండి, ఎవరొద్దన్నారు? ధరలో తగ్గించాలి కదా!

ఇదే వారసుల స్థానంలో మీరుంటే, అమ్మాలని తేల్చుకున్నాక రంగులకు, సీలింగుకు డబ్బు తగలేయకండి. దానికి బదులు సర్వే చేయించి దూరం ఎంతో కాగితం మీద పెట్టుకోండి. బేరం మధ్యలో చెడదు.

ప్రస్తుతానికి బయానాలో సగం వెనక్కి వచ్చింది. మిగతాది "ఇంకో బేరం కుదిరినంక" ఇస్తారట. అంటే ఆ ఇంటిని ఇప్పుడు మీలో ఎవరికో చూపిస్తూ ఉండాలి. లాయర్ నోటీసు పంపాం కాబట్టి పేర్లు ఇక్కడ రాయడం లేదు. కోట వైపు ఇప్పటికే బయానా ఇచ్చినవాళ్లుంటే, మిగతా సొమ్ము కట్టక ముందే ఇంటి అక్షాంశ రేఖాంశాలతో ఏ ప్రాంతంలోకి వస్తుందో తేల్చుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిస్తే, దానికి కట్టిన 7.5 శాతం కూడా పోయినట్టే.