నెస్టర్ ఇంట్లో దుప్పటికి డబ్బు అడగలేదు

గ్రీసులోని నాఫ్లియోలో మేం దిగిన గది అద్దె రాత్రికి 68 యూరోలు. ఏప్రిల్ మొదటి వారం, ఇంకా చలిగానే ఉంది. నాన్నగారికి ఇంకో దుప్పటి కావాలంటే 8 యూరోలు అన్నాడు యజమాని. హీటర్ రిమోట్‌కి రోజుకి 7. బుక్ చేసినప్పుడు ఈ రెండింటి ఊసే లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి వణుకుతుంటే బేరమాడబుద్ధి కాలేదు, కట్టేశాను. మా వారికి ఆ కోపం రెండు రోజులు తగ్గలేదు. మైసీనీ అనే ప్రాచీన కోట సింహద్వారం ఆ కోపంలోనే చూశాం. గొప్పగానే ఉంది, జనం మాత్రం విపరీతం.

మూడో రోజు కారులో పిలోస్ వైపు వెళ్లాం. నాన్నగారు ఈ యాత్రకి ఒప్పుకున్నదే నెస్టర్ రాజభవనం కోసం. హోమర్ కావ్యాల్లో పిలోస్‌ని ఏలిన ముసలి రాజు నెస్టర్. 1939లో కార్ల్ బ్లెగెన్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వకం మొదలుపెట్టిన రోజే ఇక్కడ రాత ఉన్న మట్టి పలకలు బయటపడ్డాయి. క్రీ.పూ. 1180 ప్రాంతంలో భవనం తగలబడింది. ఆ మంటల్లో కాలి గట్టిపడటం వల్లే పచ్చిమట్టి పలకలు మిగిలాయి. ఇప్పుడు పైన పెద్ద కప్పు వేశారు, ఎత్తులో కట్టిన నడకదారి మీద నుంచి గదులన్నీ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మైసీనీ కొండ కన్నా ఇది ఎంతో నయం.

సింహాసనం గది మధ్యలో గుండ్రటి పెద్ద పొయ్యి. ఓ గదిలో మట్టి స్నానపు తొట్టి, కట్టినచోటే ఉంది. తాగే గిన్నెలే 2,800కి పైగా దొరికాయట! నాన్నగారు కమ్మీ పట్టుకుని హోమర్ కావ్యం ఒడిస్సీలో మూడో భాగం చెప్పడం మొదలుపెట్టారు. తండ్రి ఒడిస్సియస్ జాడ వెతుక్కుంటూ టెలిమాకస్ వస్తే నెస్టర్ ముందు భోజనం పెట్టి, ఆ తర్వాతే మీరెవరని అడుగుతాడు. కుర్రాడు పడుకోడానికి ఓడకి బయల్దేరితే, అతిథికి దుప్పట్లు లేనంత పేదవాణ్ణా అని నొచ్చుకుంటాడు. అది వినగానే మా వారు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు.

అయితే ఆ పలకల్లో కవిత్వం లేదు, అన్నీ లెక్కలే. పనిచేసే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, వాళ్లకిచ్చే గోధుమలు, అత్తిపళ్లు. కొందరిని మిలేటస్ వాళ్లు, నిడోస్ వాళ్లు అని ఊరి పేరుతోనే రాశారు. సముద్రం అవతల నుంచి పట్టి తెచ్చినవాళ్లని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ఆతిథ్యం వెనక చాకిరీ ఎవరిదో అక్కడ నిలబడితే అర్థమైంది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగు కిలోమీటర్ల దూరంలో చోరా అనే ఊళ్లో ఉన్న మ్యూజియం కూడా చూడండి, ఇక్కడి కుడ్యచిత్రాల ముక్కలు అక్కడున్నాయి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నమే మూసేస్తారు. ఆ ఊళ్లో ముగ్గురం శనగల కూర, రొట్టె, ఆకుకూర తిన్నాం, 27 యూరోలు. నాన్నగారు కోటు తీయకపోవడం చూసి వంటావిడ తన శాలువా తెచ్చి ఆయన ఒళ్లో కప్పింది. బిల్లులో దాని లెక్క లేదు. మళ్లీ వెళ్తే నాఫ్లియోలో ఒక్క రాత్రి కూడా ఉండను, మూడు రాత్రులూ పిలోస్‌లోనే.