మీడ్‌లోకి ఏ పువ్వు మేలు: గులాబీనా, ఇప్పనా, పుంటికూరా?

ఎండాకాలం వచ్చిందంటే హన్మకొండలో నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "మావాడు అమెరికాలో ఇంట్లనే తేనెతో మీడ్ చేస్తున్నడట, ఇక్కడి నుంచి ఏ పువ్వు పంపాలె?" అని. మీడ్ అంటే తేనెను నీళ్లలో కలిపి పులియబెట్టి చేసే మద్యం. పోయిన ఏడాది అమెరికాలో మా అక్క కొడుకు దగ్గర నాలుగు నెలలున్నాను. ఇద్దరం కలిసి మూడు జాడీలు పెట్టాం కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందే ఒక మాట. లైసెన్సు లేకుండా ఇక్కడ ఇంట్లో చేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. అక్కడ వయోజనులు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకుండా సొంతానికి చేసుకోవచ్చు. నేను చెప్పేది అక్కడున్నవాళ్ల కోసమే.

మూడు జాడీలూ నాలుగేసి లీటర్లవి. ఒక్కోదానిలో కిలో తేనె, ఒకే ఈస్ట్ (తీపిని తిని పులియబెట్టే సూక్ష్మజీవి). పొంగు పూర్తిగా ఆగి, మడ్డి వంచేశాకే పూలు వేశాం. ముందే వేస్తే బుడగలతో పాటు వాసన కూడా బయటికి పోతుంది. ఇది ఏ పువ్వుకైనా వర్తిస్తుంది.

అందరి మొగ్గూ గులాబీ వైపే. నాదీ అంతే ఉండేది. ఎండిన రేకులు 40 గ్రాములు మూటకట్టి వేశాం. మూడో రోజు మూత తీస్తే గదంతా పెళ్లిపందిరిలా ఘుమఘుమలాడింది. వారానికి రేకులు తెల్లబారి, నానిన కాగితంలా అయ్యాయి. రెండు నెలల తర్వాత రుచి చూస్తే వాసన సగం మిగిలింది, నాలుక మీద మాత్రం ఏమీ లేదు. పైగా పూలమార్కెట్ గులాబీలు మందు కొట్టినవి, వాటిని అసలు పంపకండి. పెరట్లో పూసిన నాటు గులాబీ అయితేనే.

ఇప్పపువ్వు మీద నాకు ప్రేమ ఎక్కువ. తాడ్వాయి నుంచి తెచ్చిన ఎండు పువ్వు పట్టుకుపోయాను. కానీ అది స్వయంగా తీపి పువ్వు. ఈస్ట్‌కు మళ్లీ తిండి దొరికినట్టయి, ఆగిన జాడీ రెండో రోజుకే బుడబుడమనడం మొదలుపెట్టింది. చివరికి తేనె వాసన పూర్తిగా మునిగిపోయి ఇప్ప ఒక్కటే తేలింది. ఇప్ప అంటే ఇష్టమున్నవాళ్లకు అది బాగానే ఉంటుంది, కానీ తేనె కిలో పోసిన పని వృథా.

ఇక పుంటికూర. అక్కడి షాపుల్లో హైబిస్కస్ పేరుతో ఎండబెట్టి అమ్మేది మన మందారం కాదు, ఎర్ర పుంటికూర కాయను చుట్టుకుని ఉండే దళసరి తొడుగు. అన్ని రకాల పుంటికూరకూ ఆ కండ రాదు, చూసి తీసుకోవాలి. అదీ 40 గ్రాములే వేశాం. రాత్రికే జాడీ దానిమ్మరసం రంగుకు మారింది. రుచి చూసి మావాడు "మామా, ఇప్పుడు దీనికి నోరొచ్చింది" అన్నాడు.

వాడన్నదాంట్లోనే కారణముంది. ఈస్ట్ తీపిని తినేశాక మీడ్ చప్పగా, చదునుగా మిగులుతుంది. వాసన తేనెలోనే ఉంది, లేనివల్లా పులుపు, కాస్త వగరు. గులాబీ వాసనకు వాసన జతచేస్తుంది, ఇప్ప తీపికి తీపి. తేనెకు లేనిది ఇచ్చేది పుంటికూర ఒక్కటే. అయితే ఐదు రోజులు దాటితే పులుపు ఎక్కువై పళ్లు పులుస్తాయి, రోజూ చెంచాతో రుచి చూస్తుండాలి.

తులసి నాలుగాకులు చాలు, ఎక్కువైతే లవంగం నమిలినట్టుంటుంది. గన్నేరు, ఉమ్మెత్త విషం, వాటి జోలికి ఎవరూ పోవద్దు.

పంపాలనుకునేవాళ్లు చలికాలంలో పుంటికూర కాయలు ముదరకముందే కోయించండి. గింజకాయ తీసేసి తొడుగులు మాత్రం ఎండబెట్టండి. వేళ్లతో విరిస్తే టక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, దారిలో బూజు పడుతుంది. బ్యాగులో ఏముందో కస్టమ్స్ దగ్గర రాసి చూపించమని పిల్లలకు చెప్పండి.