అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డా, విజిటర్ వీసానా: ఏది మేలు?

కర్నూలు బి క్యాంపులో సాయంత్రం పూట నలుగురు పెన్షనర్లు చేరితే ఈ మాట రాక మానదు. "మావాడికి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. మాకు గ్రీన్‌కార్డు పెడతానంటున్నాడు. ఒప్పుకోవాలా, విజిటర్ వీసా మీదనే పోయొస్తుండాలా?" నేనైతే ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను: ఏడాదిలో ఎక్కువ నెలలు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? ఇక్కడే అనేవాళ్లకు గ్రీన్‌కార్డు గుదిబండ. పిల్లలందరూ అక్కడే ఉండి, అమ్మో నాయనో ఇక్కడ ఒంటరిగా మిగిలితే మాత్రం గ్రీన్‌కార్డే మేలు.

అర్హత సంగతి చిన్నదే. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులే తల్లిదండ్రులకు పిటిషన్ వేయగలరు. కొడుక్కి గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే కుదరదు. తల్లిదండ్రుల కేటగిరీకి ఏడాదికి ఇన్నే వీసాలన్న పరిమితి లేదు కాబట్టి, ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లాగా ఏళ్ల తరబడి క్యూ ఉండదు. అమ్మకొకటి, నాన్నకొకటి ఐ-130 (పిటిషన్ ఫారం) విడివిడిగా వేయాలి. ఇంట్లో చిన్న తమ్ముడున్నా వాణ్ణి అందులో చేర్చలేరు.

విజిటర్ వీసా అప్లికేషన్ ఫీజు మనిషికి 185 డాలర్లు. కర్నూలువాళ్లు ఇంటర్వ్యూకి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు పోతారు. కడపవాళ్లకు చెన్నై కూడా అందుబాటే. ఆఫీసరుకు కావాల్సింది ఒక్కటే, మీరు తిరిగొస్తారన్న నమ్మకం. ఇల్లు, పొలం, పెన్షన్ ఉన్నవాళ్లకు ఆ మాట చెప్పడం తేలిక. వీసా వస్తే మామూలుగా పదేళ్లకు ఇస్తారు. అంటే పదేళ్లు ఉండొచ్చని కాదు. ఒక్కో ప్రయాణంలో ఎన్నాళ్లుండాలో అక్కడ దిగాక ఎయిర్‌పోర్టులో తేలుస్తారు, సాధారణంగా ఆరు నెలలు.

గ్రీన్‌కార్డు లెక్క దీనికి తలకిందులు. అది అక్కడ కాపురం ఉండేవాళ్లకిచ్చే కార్డు. ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోతే తిరిగెళ్లినప్పుడు ప్రశ్నలు తప్పవు. ఏడాది దాటితే ఆ కార్డొక్కటే చూపించి లోపలికి పోలేరు. ముందుచూపుతో రీ-ఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) తీసుకుంటే రెండేళ్ల దాకా వెసులుబాటు ఉంటుంది, కానీ దానికి అప్లై చేసేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి. అందుకే మోకాళ్ల నొప్పులతో, కార్డు పోతుందన్న టెన్షన్‌తో ఇరవై గంటల విమానం ఎక్కే పెద్దవాళ్లు కనిపిస్తుంటారు. మనవడిని చూడ్డానికి పోతున్నారా, కార్డును బతికించుకోవడానికి పోతున్నారా అనిపిస్తుంది.

ఎవరూ ముందుగా చెప్పని ముచ్చట పన్ను. గ్రీన్‌కార్డు వచ్చాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్న్‌లో చూపించాలి. పెన్షన్, ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, అన్నీ. ఆలూరు దగ్గర గుత్తకిచ్చిన శనగ చేను కూడా. ఎఫ్‌డీ వడ్డీకి ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకోవచ్చు. చేని గుత్త మీద ఇక్కడ పన్నే లేదు, ఇక తగ్గించుకునేదేముంది? చివరికి కట్టాల్సింది సున్నా కావచ్చు, అది వేరే సంగతి. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరం కూడా వేరుగా ఇవ్వాలి. రిటైరైన టీచరు బెనిఫిట్స్ డబ్బు బ్యాంకులో వేసుకుంటే దాటక ఏం చేస్తుంది!

వైద్యం దగ్గరికొస్తే గ్రీన్‌కార్డుదే పైచేయి. విజిటర్లకు అమ్మే ఇన్సూరెన్సులు పాత షుగరు, బీపీ అంటే చాలావరకు చేతులెత్తేస్తాయి. గ్రీన్‌కార్డు ఉంటే మార్కెట్‌ప్లేస్ (అక్కడి చట్టం కింద నడిచే ఇన్సూరెన్సుల అంగడి) పాలసీ కొనొచ్చు, పాత జబ్బుందని కాదనరు. ఆ వయసులో ప్రీమియం మాత్రం బరువే. 65 దాటి, అక్కడ వరుసగా 5 ఏళ్లున్నవాళ్లు మెడికేర్‌నూ (పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం కట్టి తీసుకోవచ్చు. స్పాన్సర్ చేసిన కొడుకు ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం పెట్టి పోషణ బాధ్యత తీసుకుంటాడు. అమ్మానాన్నలు అక్కడి పౌరులయ్యేదాకానో, దేశం పూర్తిగా వదిలి వచ్చేదాకానో మామూలుగా ఆ సంతకం అతణ్ణి వదలదు. ఇంట్లో కోడలితో కూడా మాట్లాడుకునే పెట్టాలి.

"విజిటర్ మీద పోయి అక్కడే గ్రీన్‌కార్డుకు మార్చుకోండి" అని సలహా ఇచ్చే ఏజెంట్లున్నారు. వెళ్లాక పరిస్థితి నిజంగా మారితే అది చట్టం ఒప్పుకునే దారే. ముందే అనుకుని, ఆఫీసరు దగ్గర దాచిపెట్టి పోతే మాత్రం మోసం కింద లెక్క, తర్వాత ఏ వీసాకైనా అడ్డం పడుతుంది. పైగా ఆ అప్లికేషన్ నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా బయటికొస్తే కేసు పోయినట్టే. ఇక్కడ సొంత అన్న చనిపోయినా చివరి చూపుకు రావడానికి ఆలోచించుకోవాలి.

ఐ-130 వేశాక విజిటర్ వీసా కష్టం. మీ పేరున ఇమిగ్రేషన్ పిటిషన్ ఉందా అని ఫారంలోనే అడుగుతారు. ఎటూ తేల్చుకోలేనివాళ్లు ముందు విజిటర్ వీసాతో ఒక చలికాలం అక్కడ గడిపి చూడటం నయం. మంచు కురిసే ఊళ్లో, కారు నడపడం రాకుండా, నాలుగు గోడల మధ్య ఎన్ని రోజులు ఉండగలరో అప్పుడు తెలుస్తుంది.

గ్రీన్‌కార్డే అనుకుంటే అసలు పని కాగితాల దగ్గర. కొడుకు పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. పల్లెలో ఇంట్లోనే పుట్టి నమోదు కానివాళ్లకు, రికార్డు లేదని పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో కాగితం తెచ్చి, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేస్తారు. ఎస్సెస్సీ మెమోలో 'జి. పుల్లయ్య', ఆధార్‌లో 'గొల్లపల్లి పుల్లయ్య', పాస్‌పోర్టులో 'పుల్లయ్య గొల్లపల్లి': ముగ్గురూ ఒక్కరేనని చెప్పడానికి ఇంకో అఫిడవిట్. నాన్నకు పిటిషన్ వేస్తే వాళ్ల పెళ్లి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. నలభై ఏళ్ల కింద యాగంటిలోనో అహోబిలంలోనో తాళి కట్టినవాళ్లలో రిజిస్టర్ చేయించుకున్నదెవరు? ఇప్పుడు చేయించుకోవాలంటే సాక్షులు కావాలి. ఆ పెళ్లి కళ్లారా చూసిన పెద్దలు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవాళ్లయి ఉంటారు, వాళ్లు తిరగగలిగినప్పుడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పని ముగించుకోవాలి.