బంకపట్టిన కుట్టుమిషన్‌కు ఏది మేలు: పెట్రోలా, కిరోసినా, మిషన్ నూనేనా?

శ్రావణమాసం ఇంకో మూడు వారాలుందనగా మా అత్తమ్మ చిత్తూరు నుంచి తన పాత కాలుమిషన్‌ను తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఉన్న మా ఇంటికి పంపించారు. ఆరేళ్ళుగా దుప్పటి కప్పి మూలన పెట్టిన మిషన్ అది. చక్రం తిప్పబోతే కదల్లేదు. రెండు చేతులతో లాగితే పావు చుట్టు తిరిగి మళ్ళీ పట్టేసింది. ముందువైపు మూత విప్పి చూశాను. సూది రాడ్డు చుట్టూ పాకం ముదిరినట్టు పసుపుపచ్చ బంక. వేలు పెడితే అంటుకుంది, గోటితో గీకితే లక్కలా పెచ్చు లేచింది. సూది కింది ప్లేటు తీస్తే ఆ బంకలోనే నూలు పొట్టు ఇరుక్కుని, గుడ్డను ముందుకు జరిపే పళ్ళ మధ్య గట్టి చాపలా పరుచుకుని ఉంది.

"ఏం నూనె వేసేవాళ్ళు అత్తమ్మా?" అని ఫోన్ చేసి అడిగాను.

"ఇంట్లో ఏది ఉంటే అది. ఒకసారి శెనక్కాయ నూనె, ఒకసారి టెంకాయ నూనె. ఏదైనా నూనే కదమ్మా," అన్నారు.

మన వైపు చాలా ఇళ్ళలో ఇదే మాట. కానీ మిషన్‌కు అన్ని నూనెలూ ఒకటి కావు. శెనక్కాయ నూనె పలచటి పొరగా ఇనుము మీద నిలిస్తే గాలి తగిలి మెల్లగా చిక్కబడుతుంది. వంటింట్లో నూనె డబ్బా అడుగున, పొయ్యి వెనక గోడ మీద చేతికి అంటుకునే జిడ్డు చూసే ఉంటారు, అదే ఇది. టెంకాయ నూనె అంత తొందరగా బంక కట్టదు గానీ 24 డిగ్రీల లోపు చలికి పేరుకుంటుంది. ధనుర్మాసం పొద్దున మిషన్ బరువుగా తిరుగుతోందంటే కారణం చాలాసార్లు అదే. చిన్న సీసాల్లో అమ్మే మిషన్ నూనె పెట్రోలియం నుంచి తీసి శుద్ధి చేసిన పలచటి నూనె. అది ఇట్లా గాలికి ముదిరి గట్టిపడదు.

సరే, పట్టేసిన బంకను వదిలించడానికి ఏది వాడాలి? అడిగిన ప్రతివాళ్ళూ ఒక్కొక్కటి చెప్పారు. అందరి కంటే ముందు వినబడిన పేరు పెట్రోల్. జిడ్డును అది ఇట్టే కరిగిస్తుంది, నిజమే. కానీ అంతే వేగంగా ఆరిపోతుంది. కరిగిన బంకను మనం గుడ్డతో తుడిచేలోపే పెట్రోల్ గాలిలో కలిసిపోయి, బంక పక్క సందులోకి జారి అక్కడ మళ్ళీ గట్టిపడుతుంది. కొన్నేళ్ళ కిందట నా మోటారు మిషన్‌ను రిపేరీకి ఇస్తే, బాగు చేసినాయన పెట్రోల్ గుడ్డతో ఒళ్ళంతా తుడిచి తెచ్చాడు. నల్లటి మిషన్ మీది బంగారు రంగు పూలు సగం గుడ్డకే వచ్చేశాయి. ఆ పూలు మళ్ళీ వేయించలేం.

రంగు సంగతి అటుంచితే, అసలు భయం మంట. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. మన ఇళ్ళలో దేవుడి దీపం ఉండేది కిందనే. కరెంటు మోటారులో కరెంటు అందించే బొగ్గు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. గది లోపల కుట్టుమిషన్‌కు పెట్రోల్ వద్దని ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను. థిన్నర్ పెయింటునే ఊడదీస్తుంది. స్పిరిట్ జిడ్డును పెద్దగా కరిగించదు, పైగా పాత మిషన్ల మీద లక్క వార్నిష్ ఉంటే దాన్ని కరిగించేస్తుంది. డీజిల్ పని చేస్తుంది కానీ జిడ్డుగా మిగిలిపోయి, ఆ వాసన రోజుల తరబడి బట్టకు పడుతుంది.

ఇక కిరోసిన్. ఎండి పెచ్చు కట్టిన బంకకు దీన్ని మించింది నాకు కనబడలేదు. తొందరగా ఆరదు కాబట్టి సందుల్లోకి దిగి నానడానికి టైమ్ దొరుకుతుంది. ఇప్పుడు రేషన్‌లో రావట్లేదు కాబట్టి వెతుక్కోవాలి. దొరక్కపోతే పెయింట్ షాపులో అమ్మే టర్పెంటైన్ దాదాపు ఇదే పని చేస్తుంది, కాకపోతే మిషన్ రంగు మీద పడనివ్వకూడదు. పెట్రోల్ అంత ప్రమాదం కాదని కిరోసిన్‌ను తేలిగ్గా తీసుకోవడం కూడా తప్పే. 35 డిగ్రీలు దాటితే చాలు, దాని ఆవిరికి మంట అంటుకునే అవకాశం ఉంటుంది. మన తిరుపతి ఎండాకాలం పగలు 40 దాటుతుందని వేరే చెప్పక్కర్లేదు. కిటికీలు తెరిచి, దీపం, పొయ్యి లేని చోట, మోటారు ఉంటే ప్లగ్గు పీకేసి మరీ పని మొదలుపెట్టాలి. తోలు బెల్టుకూ, బాబిన్ చుట్టే చోట ఉండే రబ్బరు చక్రానికీ కిరోసిన్ తగలకూడదు.

దీనితో ఇంకో చిక్కుంది. నేను అనుభవం మీద తెలుసుకున్నాను. కిరోసిన్ బంకతో పాటు ఉన్న మంచి నూనెను కూడా కడిగేస్తుంది. అప్పుడు చక్రం గాలిలా తిరుగుతుంది, బాగైపోయిందనిపిస్తుంది. పోయినేడు నా మిషన్‌కు అట్లాగే కిరోసిన్ పోసి, ఆర్డర్ల తొందరలో నూనె వేయకుండానే కుట్టడానికి కూర్చున్నాను. మూడో రోజుకు కీచుమని అరవడం మొదలైంది. తెల్ల లంగా గుడ్డ మీద సూది పక్కనే సన్నటి గోధుమరంగు పొడి రాలింది. ఇనుము మీద ఇనుము పొడిగా రాసుకుంటే వచ్చే పొడి అది. కిరోసిన్ కడగడానికి మాత్రమే, నూనె బదులు కాదు.

స్ప్రే డబ్బాల్లో డబ్ల్యూడీ-40 అందరికీ తెలిసిందే. 1953లో అమెరికాలో తయారైంది. ఆ పేరుకు నీటిని తొలగించే ద్రవం, 40వ ప్రయత్నం అని అర్థం. రాకెట్ల మీద తేమ చేరి తుప్పు పట్టకుండా చేసినది. అందులో ఎక్కువ భాగం కరిగించే ద్రవమే, నూనె కొంచెమే. ఒక్క స్క్రూ, ఒక్క లివర్ బిగుసుకుపోతే సన్నటి గొట్టం పెట్టి అక్కడే కొట్టుకోవడానికి మంచిది. మిషన్ అంతా దానితో కడగాలంటే ఖర్చు, పైగా తుంపర మోటారు మీదా బెల్టు మీదా పడుతుంది. అది వాడినా చివరికి మిషన్ నూనె వేయక తప్పదు.

ఎవరూ చెప్పనిది మిషన్ నూనే. పాత జిడ్డును కొత్త నూనె మెత్తబరుస్తుంది. బరువుగానైనా తిరిగే మిషన్ అయితే నా ఓటు దీనికే. నూనె వేసే ప్రతి రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, దారం లేకుండా ఐదు నిమిషాలు తొక్కి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారి కిందికి గోధుమరంగు నూనె కారి ఉంటుంది. తుడిచి మళ్ళీ వేయాలి. నూనె తేటగా దిగేదాకా మూడు నాలుగు రోజులు పడుతుంది. ఓపిక కావాలి అంతే. రంగు చెడదు, మంట భయం దాదాపు ఉండదు, ఇనుము ఒక్క పూట కూడా పొడిగా ఉండదు.

అత్తమ్మ మిషన్ తిరగనే తిరగదు కాబట్టి దానికి ఈ ఒక్కటే చాలదు. ముందు ఎండను వాడుకున్నాను. పీట మీది నుంచి తల విప్పి, మిద్దె మీద పాత గోనెపట్టా పరిచి గంటసేపు పెట్టాను. నల్లటి ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలింది, లోపలి బంక మెత్తబడింది. నీడకు తెచ్చి చల్లారాక రంధ్రాల్లో, సూది రాడ్డు మీద, కింది దారం పట్టే షటిల్ దగ్గర కిరోసిన్ చుక్కలు వేశాను. చక్రాన్ని బలవంతంగా తిప్పలేదు, తిప్పితే లోపల ఏదో ఒకటి వంగుతుంది. ఊయల ఊపినట్టు అటు కొంచెం, ఇటు కొంచెం. పొద్దుగూకేసరికి పూర్తి చుట్టు తిరిగింది. పాత పళ్ళ బ్రష్‌తో పళ్ళ మధ్య చాపను పెకలించాను. మర్నాడు ఇంకోసారి కిరోసిన్, ఆ వెంటనే పొడిగుడ్డ, ఆపైన మూడు రోజులు మిషన్ నూనె.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ మిషన్ మీద మొదట కుట్టాల్సింది శ్రీకాళహస్తి కలంకారీ బ్లౌజు. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద చేత్తో వేసిన బొమ్మలు, చెట్ల రంగులు. దాని మీద నూనె మరక పడితే సబ్బు పెట్టి రుద్దలేం, బ్రష్ వేయలేం. అందుకే ముందు పాత లుంగీ ముక్కల మీద కుట్టుకుంటూ పోయాను. మొదటి ముక్క మీద కుట్టు పొడవునా నల్లటి గీత. నాలుగో ముక్కకు అక్కడక్కడా చుక్కలు. తొమ్మిదో ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని రెండు వైపులా చూశాను, కుట్టు తప్ప ఏమీ లేదు. అప్పుడు సూది మార్చి, బ్లౌజు గుడ్డ తీశాను.