వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ సమీక్ష: చుట్టూ వేలమంది, పలకరించేవాళ్లే కరువు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఈ ఆట, వేలమంది ఇంటర్నెట్‌లో ఒకే లోకంలో తిరుగుతూ ఆడే కంప్యూటర్ ఆట, 2004 నవంబర్‌లో అమెరికాలో విడుదలైంది. నేను అందులో అడుగుపెట్టింది దాని మొదటి ఎక్స్‌పాన్షన్ (ఆటకు చేర్చే కొత్త భాగం) బర్నింగ్ క్రుసేడ్ రోజుల్లో, టెక్సస్‌లో ఎంఎస్ చదువుతున్నప్పుడు. ఉద్యోగం, పెళ్లి, పిల్లల మధ్య మానేసిన సంవత్సరాలు ఉన్నా, మళ్లీ మళ్లీ అందులోకే వెళ్తున్నాను. ఈ ఆటకు సమీక్షలు చాలా వచ్చాయి. గ్రాఫిక్స్, కథ, కొత్త ఎక్స్‌పాన్షన్ ఎలా ఉందన్నది వాటిలో దొరుకుతుంది. నేను రాయాలనుకున్నది ఒక్క విషయం గురించే: ఈ ఆటలో మనుషులతో మాటలు ఎలా తగ్గిపోయాయి, ఇవాళ కొత్తగా చేరేవాళ్లకు ఎలాంటి తోడు దొరుకుతుంది.

ముందే చెప్పేస్తాను. ఆటగా ఇది ఇప్పుడున్నంత బాగా ఎప్పుడూ లేదు. పోరాటం చురుగ్గా ఉంటుంది, లోకం అందంగా ఉంటుంది, చేయడానికి పని దొరకని రోజు ఉండదు. కానీ నలుగురితో కలిసి ఆడే ఆట అని నమ్మి వచ్చేవాళ్లకు మొదటి నెలలోనే అర్థమవుతుంది, ఆ నలుగురూ పక్కనే ఉంటారు గానీ నోరు విప్పరని.

ఈమధ్య ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. ఆటే జట్టుని కూర్చిపెట్టే డంజన్ ఫైండర్‌లో క్యూ పెట్టాను. డంజన్ అంటే ఐదుగురు కలిసి వెళ్లే కోట లాంటిది: దెబ్బలు కాసుకునే ట్యాంక్ ఒకరు, ప్రాణం నిలిపే హీలర్ ఒకరు, శత్రువుని కొట్టేవాళ్లు ముగ్గురు. కొద్ది నిమిషాల్లో పిలుపొచ్చింది, నొక్కగానే ఐదుగురం కోట ద్వారం దగ్గర తేలాం. ఎవరో "హాయ్" అని టైప్ చేశారు. దానికి జవాబు వచ్చేలోపే ట్యాంక్ పరుగెత్తేశాడు. ఒక గుంపు మీద పడటమే కాక, దారిలో ఉన్న మరో రెండు గుంపుల్నీ వెంటేసుకున్నాడు. హీలర్ కొత్త మనిషి. దారి తెలియక వెనకబడిపోయాడు. అందరం చచ్చాం. "సారీ, ఫస్ట్ టైమ్" అని రాశాడు హీలర్. "ఫర్వాలేదు, ఎడమవైపు మెట్లెక్కి రా" అని రాశాను. ట్యాంక్ ఒక్క ముక్క కూడా అనలేదు, తిట్టనైనా తిట్టలేదు, గ్రూపు వదిలి వెళ్లిపోయాడంతే. అర నిమిషంలో ఇంకో ట్యాంక్ వచ్చాడు, అతనూ మాట్లాడలేదు. చివర్లో వచ్చే పెద్ద శత్రువు, అంటే బాస్, పడిపోగానే ముగ్గురు మాయమయ్యారు. హీలర్ "థాంక్స్" అని రాసేసరికి చదవడానికి మిగిలింది నేనొక్కణ్నే.

ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఆ ట్యాంక్‌కి మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. నా అభిప్రాయంలో అసలు సమస్య ఇక్కడే ఉంది. జనం మారిపోయారు, అందరూ మొబైల్‌కి అతుక్కుపోయారు, ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు అనే మాటలు నేను ఒప్పుకోను. అదే జనం, అదే వయసువాళ్లు, ఇదే ఆట పాత రూపంలో గంటల తరబడి కబుర్లు చెప్పుకోవడం 2019లో కళ్లారా చూశాను. దాని సంగతి కిందకి వస్తుంది.

పాత రోజుల్లో డంజన్‌కి వెళ్లాలంటే ముందు మనుషుల్ని వెతుక్కోవాలి. ఉదాహరణకు డెడ్‌మైన్స్. స్టార్మ్‌విండ్ నగరంలో నిలబడి "డెడ్‌మైన్స్‌కి హీలర్ కావాలి" అని చాట్‌లో పదే పదే రాసేవాళ్లం. దొరికినవాళ్లతో ఎల్విన్ అడవి దాటి, వెస్ట్‌ఫాల్ పొలాల్లోంచి మూన్‌బ్రూక్ దాకా నడక. ఆ పాడుబడ్డ ఊళ్లో ఒక ఇంట్లోంచి గనిలోకి దిగాలి. అసలు డంజన్ మొదలయ్యేలోపే ఆ గనిలో దొంగల చేతిలో ఒకరిద్దరు చచ్చేవారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా మిగతావాళ్లం కూర్చుని ఆగాలి. హీలర్‌కి శక్తి అయిపోతే కూర్చుని నీళ్లు తాగాలి, ఆ నీళ్లు జట్టులోని మాంత్రికుడు (మేజ్) తన మంత్రంతో పుట్టించి ఇవ్వాలి. రెండు పోరాటాలకోసారి ఆ విరామం వచ్చేది. మాటలన్నీ ఆ విరామంలోనే. బస్సు ఆలస్యమైతే బస్టాండులో పక్కవాళ్లతో మాట కలిసినట్టే ఇదీ. ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు, అక్కడ టైమెంత, ఇలాంటి మామూలు మాటలే. ఒహాయోలో నైట్ డ్యూటీ చేసే ఒక నర్సు నాకు అలా పరిచయమైంది. ఆవిడ గిల్డ్‌లోనే, అంటే కలిసి ఆడేవాళ్ల సంఘంలోనే, తర్వాత చాలాకాలం ఆడాను.

ఇంకో సంగతి, అప్పుడు సర్వర్ అంటే ఒక ఊరే. బయటివాళ్లు వచ్చి కలవరు. డంజన్‌లో దొరికిన వస్తువు ఎవరికో పాచికలు (రోల్) వేసి తేల్చేటప్పుడు, ఎవరైనా తనకు అక్కర్లేని దాన్ని దొంగ రోల్ వేసి కొట్టేస్తే ఆ పేరు వారంలో అందరికీ తెలిసిపోయేది, ఆ తర్వాత అతన్ని గ్రూపులోకి పిలిచేవాళ్లుండరు. మంచి ట్యాంక్ పేరు కూడా అలాగే పాకేది. రేపు మళ్లీ కనిపిస్తాడని తెలిసిన మనిషితో మనం వేరే రకంగా మెలుగుతాం.

ఇదంతా ఒక్క రోజులో పోలేదు. 2009 డిసెంబర్‌లో వచ్చిన 3.3 ప్యాచ్‌తో (ఆటకు చేసిన మార్పుల కట్టతో) డంజన్ ఫైండర్ వచ్చింది. బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల నుంచి ఐదుగురిని అదే పోగేసి, నేరుగా డంజన్ లోపల దింపేస్తుంది. ఆ రోజు మా గిల్డ్ చాట్‌లో అందరికీ సంబరమే, నాకూ సంబరమే. గంట వెతుకులాట పది నిమిషాలకు తగ్గింది కదా. 2010లో కాటక్లిజమ్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చాక పాత ప్రాంతాల్లో ఒకప్పుడు గుంపుగా చేయాల్సిన క్వెస్టులు (ఆట అప్పగించే పనులు) చాలావరకు ఒంటరిగా పూర్తయ్యేలా మారాయి. 2011 నవంబర్‌లో రెయిడ్ ఫైండర్ వచ్చింది, పాతికమందితో చేసే రెయిడ్‌కి, అంటే డంజన్ కన్నా పెద్ద దండయాత్రకి, కూడా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేకుండా పోయింది. 2012లో వేర్వేరు సర్వర్లవాళ్లని బయటి లోకంలో కూడా కలిపేశారు. ఊరు నిండుగా కనిపిస్తుంది కానీ పక్కన నిలబడ్డవాడు ఎవరో, మళ్లీ కనిపిస్తాడో లేదో తెలియదు.

ఒక్కో మార్పుకీ న్యాయమైన కారణమే ఉంది. జనం లేని సర్వర్లలో డంజన్‌కి వెళ్లే దారే ఉండేది కాదు. పిల్లలు నిద్రపోయాక గంట దొరికే తల్లిదండ్రులు ఆ గంటనంతా ట్రేడ్ చాట్‌లో అరవడానికి ఖర్చుపెట్టలేరు, అది నాకు ఇప్పుడు మరీ బాగా తెలుసు. కానీ ప్రతి మార్పూ మాట్లాడుకోవడానికి ఉన్న ఒక కారణాన్ని తీసేసింది. తీసేసిన దాని స్థానంలో కొత్త కారణం ఏదీ పెట్టలేదు. నా అసలు ఫిర్యాదు అదే.

పూర్వం అంతా బంగారమే అనడం లేదు. పాలో ఆల్టో రీసెర్చ్ సెంటర్‌కు చెందిన నికొలా డుషెనో, స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న నిక్ యీ, మరికొందరు కలిసి 2006లోనే ఈ ఆట మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అప్పుడు కూడా ఆటగాళ్లు చాలా సమయం ఒంటరిగానే గడిపేవారని, పక్కనున్న జనం వాళ్లకు ఎక్కువగా ప్రేక్షకులుగా, చూసి ఆనందించే సందడిగా ఉపయోగపడేవారని వాళ్లు తేల్చారు. నా అనుభవం కూడా దానికి విరుద్ధం కాదు. రోజంతా ఎవరూ మాట్లాడుతూ ఉండేవారు కాదు. అవసరం వచ్చినప్పుడు మాట కలిసేది. ఇప్పుడు ఆ అవసరమే రాదు, తేడా అంతే. 2024 జనవరిలో వచ్చిన ఫాలోవర్ డంజన్లలో మిగతా నలుగురూ కంప్యూటర్ నడిపే బొమ్మలే. ఒకసారి ఆడి చూశాను. ఆ బొమ్మలు దారి చూపిస్తాయి, మనకోసం ఆగుతాయి, మనం చచ్చినా విసుక్కోవు. నిజం మనుషులున్న గ్రూపు కన్నా మర్యాదగా ఉన్నాయి. కొత్తవాళ్లు డంజన్ నేర్చుకోవడానికి ఇది నిజంగా మంచి ఏర్పాటు. కానీ మనుషులతో వెళ్లినా బొమ్మలతో వెళ్లినా పెద్ద తేడా తెలియలేదంటే, మనుషుల గ్రూపు ఏ స్థితికి వచ్చిందో ఆలోచించాలి.

కష్టమైన స్థాయిలో ఆడేవాళ్లకు మిథిక్ ప్లస్ అనే టైమర్ పెట్టిన డంజన్లు ఉన్నాయి, 2016 నుంచి. అందులో గ్రూపు మనమే కూర్చుకోవాలి కాబట్టి మాటలు పెరుగుతాయనుకుంటాం. కానీ అక్కడ చూసేది పాత ఆటలకి వచ్చిన స్కోరు. దరఖాస్తు పెడతాం, లీడర్ నంబర్ చూసి తీసుకుంటాడు లేదా తిప్పి పంపుతాడు. లోపల టైమర్ పరుగెడుతూ ఉంటుంది, ఆగి మాట్లాడితే టైమ్ దాటి, ఆ డంజన్‌ని తెరిచే కీ స్థాయి తగ్గిపోతుందని టెన్షన్.

ఇక వాయిస్ చాట్ సంగతి. మాటలు తగ్గాయంటే చాలామంది మైక్ ఆన్ చేయమని సలహా ఇస్తారు. ఆ సలహా అందరికీ పనికిరాదు. గొంతు విని ఆడపిల్ల అని తెలియగానే వెకిలి మాటలు మొదలుపెట్టేవాళ్లున్నారు. మా గిల్డ్‌లో ఇద్దరు అమ్మాయిలు కొత్తవాళ్లున్న రెయిడ్లలో మైక్ తెరిచేవారే కాదు. మన యాస విని వెక్కిరించేవాళ్లు నాకూ తగిలారు. టైప్ చేసే చాట్‌లో ఆ బాధ లేదు, అందులో అందరం సమానమే, ఆలోచించి రాయొచ్చు, నచ్చకపోతే ఊరుకోవచ్చు. అందుకే గొంతు విప్పని అపరిచితులు కూడా కలిసి ఆడగలిగేలా చేసిన ఏర్పాట్లని నేను తక్కువ చేయను. 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్ అనే తుపాకుల ఆటలో పింగ్ పద్ధతి అలాంటిదే: శత్రువు ఎక్కడున్నాడో, ఏ తుపాకీ ఎక్కడ పడి ఉందో ఒక్క నొక్కుతో జట్టుకి చెప్పొచ్చు. గెలవడానికి అది చాలు. పరిచయం పెరగడానికి మాత్రం ఇంకేదో కావాలి.

మాటలు అసలు లేవనడం కూడా తప్పు. అవి ఆట బయట ఉన్న డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోకి వెళ్లిపోయాయి. 2015లో డిస్కార్డ్ వచ్చాక గిల్డులన్నీ మెల్లగా అక్కడికి మారాయి. ఫొటోలు, జోకులు, రెయిడ్ ప్లాన్లు, ఇంటి కష్టసుఖాలు అన్నీ అక్కడే. లోపల ఉన్నవాళ్లకు హాయిగా ఉంటుంది. కొత్తగా గిల్డ్‌లో చేరినవాళ్లకు మాత్రం ఆటలో ఖాళీ చాట్ కనిపిస్తుంది. ఇద్దరు పాతవాళ్లు దేని గురించో వాదించుకుంటుంటే పక్కనుండి విని, మూడో మాట మనం కలిపే వీలు పోయింది. నేను ఈ ఆటలో సంపాదించుకున్న స్నేహాల్లో సగం అలా దూరి మాట్లాడినవే.

ఆ స్నేహాలు నిజమైనవేనా అని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. నార్వేకు చెందిన మాట్స్ స్టీన్ గురించి చెప్తుంటాను వాళ్లకు. కండరాలు క్షీణించే జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన ఆ కుర్రాడు 2014లో, 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొడుకు ఒంటరిగా, స్నేహితుల్లేకుండా బతికాడని తల్లిదండ్రులు బాధపడ్డారు. చనిపోయిన కబురు అతని బ్లాగులో పెడితే, ఈ ఆటలో అతనున్న స్టార్‌లైట్ అనే గిల్డ్ వాళ్ల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. అతను తమ మాట ఎలా విన్నాడో, కష్టాల్లో ఎలా నిలబెట్టాడో రాశారు. కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. డంజన్ ఫైండర్ వచ్చిన తర్వాతి రోజుల్లో కూడా అది సాధ్యమైంది, ఎందుకంటే ఆ గిల్డ్ పాత్రలు ధరించి కథలు అల్లుకునే గిల్డ్. వాళ్లు కలిసేదే మాట్లాడుకోవడానికి.

ఇప్పుడు 2019 సంగతి. ఆ ఆగస్టులో క్లాసిక్ పేరుతో పాత ఆటని మళ్లీ తెరిచారు. మొదటి రాత్రి ఒక క్వెస్టు శత్రువు కోసం జనం వరసలో నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. మధ్యలో దూరబోయినవాణ్ని నలుగురు మందలించి వెనక్కి పంపారు. దారిన పోయే ప్రీస్ట్ అడక్కుండానే నా మీద రక్ష మంత్రం వేసి పోయాడు, నేను వంగి దండం పెట్టాను, అతను చెయ్యూపాడు. డెడ్‌మైన్స్‌కి మళ్లీ నడిచే వెళ్లాం, నీళ్లు తాగుతూ పిల్లల స్కూళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఆడేవాళ్లు నడివయసు వాళ్లు, కుర్రాళ్లు కలిసే ఉన్నారు. ఆట నెమ్మదిస్తే, ఒకరి అవసరం ఒకరికి పడితే, మాట దానంతటదే వచ్చింది. 2023 ఆగస్టులో వచ్చిన హార్డ్‌కోర్ సర్వర్లలో ఇది మరీ ఎక్కువ. అక్కడ పాత్ర చనిపోతే అంతే, మళ్లీ మొదటి లెవెల్ నుంచి రావాలి. అందుకే గుహలోకి వెళ్లేముందు అపరిచితులే "లోపల జాగ్రత్త, నేనూ వస్తున్నా" అంటారు.

ఆటని తయారుచేసే కంపెనీ బ్లిజార్డ్‌కి ఈ సంగతి తెలియదనుకోను. 2022లో క్లాసిక్‌లో తర్వాతి దశ, లిచ్ కింగ్ క్లాసిక్, తెరిచినప్పుడు డంజన్ ఫైండర్‌ని కావాలనే పక్కన పెట్టారు. ఆటగాళ్లలో పెద్ద చర్చే నడిచింది, 2023లో దాన్ని తిరిగి తెచ్చారు. నాకు అది నచ్చలేదు. ఆ చర్చలో నేను ఓడిపోయిన పక్షం.

కొనాలా అంటే, డబ్బు విషయం ముందు: అమెరికాలో నెలకు 14.99 డాలర్లు, ఆ ఒక్క చందాతోనే కొత్త ఆట, క్లాసిక్ రెండూ ఆడుకోవచ్చు. 20వ లెవెల్ దాకా కొత్త ఆట ఉచితం, అది చూసి నిర్ణయించుకోండి. ఒంటరిగా ఒక పెద్ద లోకం తిరగాలనుకుంటే కొత్త ఆట తీసుకోండి, 2024లో వచ్చిన డెల్వ్స్ అనే చిన్న గుహలు ఒక్కరికీ చక్కగా కుదురుతాయి. ఆడే స్నేహితులు ముందే ఉంటే ఏదైనా బాగుంటుంది. కొత్త మనుషులు కావాలంటే క్లాసిక్‌కే వెళ్లండి, జనం ఉన్న సర్వర్ చూసుకోండి. గిల్డ్‌లో చేరేముందు రెండు మూడు సాయంత్రాలు వాళ్ల డంజన్లకి వెళ్లి, ఆట లోపలి చాట్‌లో మాట్లాడుతున్నారో లేదో గమనించండి. ఎంత పెద్ద గిల్డ్, ఎన్ని రెయిడ్లు గెలిచింది అన్నది తర్వాత. ఎవరైనా కొత్తవాళ్లు చచ్చినప్పుడు ఆగి దారి చెప్పే గిల్డ్ అయితే వెంటనే చేరిపోండి.