రోజూ ఆఫీసుకెళ్లే మాజ్డా 3తో ఆటోక్రాస్: కొన్ని సీజన్లు నడిపాక

ముందు కారు సంగతి. 2015 మాజ్డా 3 హ్యాచ్‌బ్యాక్, 2.5 లీటర్ల ఇంజిన్, 184 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారమంతా డాలస్ ట్రాఫిక్‌లో ఆఫీసుకీ, పిల్లల స్కూలుకీ, ఇండియన్ స్టోరుకీ తిరుగుతుంది. సీజన్‌లో వీలైన ఆదివారాల్లో పిల్లల సీట్లు, డిక్కీలో సామాను తీసేసి ఆటోక్రాస్‌కి తీసుకెళ్తాను. కొన్నేళ్లుగా ఇదే వరస. "రేసింగంటే పోర్షే ఉండాలి కదా బాసూ" అనేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆటోక్రాస్‌లో పక్కన ఇంకో కారు ఉండదు. పెద్ద ఖాళీ పార్కింగ్ లాట్‌లోనో, వాడని రన్‌వే మీదో నారింజ రంగు కోన్లతో దారి వేస్తారు. ఒక్కొక్కరే వెళ్లాలి, పోటీ గడియారంతోనే. ఒక రన్ సుమారు నిమిషంలోపే అయిపోతుంది. ఎక్కువసేపు రెండో గేరులోనే ఉంటాం, వేగం మామూలుగా గంటకు 60, 65 మైళ్లు దాటదు. కోను పడేస్తే టైముకు 2 సెకన్లు కలుపుతారు. గేటు, అంటే రెండు కోన్ల మధ్య దారి, తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. అమెరికాలో ఎక్కువగా వీటిని నడిపేది 1944లో పుట్టిన ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల స్థానిక శాఖలు. వాళ్లు దీన్ని సోలో అంటారు. జాతీయ పోటీ ఏటా సెప్టెంబరులో నెబ్రాస్కాలోని లింకన్‌లో జరుగుతుంది. నాకు అక్కడిదాకా వెళ్లే ఉద్దేశం లేదు.

నచ్చనిది ముందే చెప్పేస్తాను: రోజంతా పోతుంది. పొద్దున్నే వెళ్లి కారు పూర్తిగా ఖాళీ చేయాలి. మ్యాట్లు, వాటర్ బాటిల్, అద్దానికి వేలాడే వినాయకుడు, అన్నీ బయటికి. చెకింగ్‌లో బ్యాటరీ కదులుతోందా, చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయా, బ్రేకు పెడల్ మెత్తగా ఉందా చూస్తారు. తర్వాత కోర్సంతా కాలినడకన తిరగాలి. ఒక బ్యాచ్‌లో నడిపితే ఇంకో బ్యాచ్‌కి ఎండలో నిలబడి పడిన కోన్లు సరిచేసే పని చేయాలి, అది తప్పదు. ఇంతా చేస్తే స్టీరింగ్ ముందు గడిపేది అయిదారు నిమిషాలు. జూలైలో టెక్సస్ తారు మీద నిలబడితే చెప్పుల్లోంచి కూడా సెగ తెలుస్తుంది. గొడుగు, నీళ్లు, టోపీ లేకుండా వెళ్లొద్దు.

అయితే ఆ కోన్ల డ్యూటీనే నాకు చాలా నేర్పింది. ప్రతి కోను చుట్టూ సుద్దతో గీత ఉంటుంది. కోను పడిపోయినా, ఆ గీత దాటి పూర్తిగా బయటికి జరిగినా పెనాల్టీ. కొంచెం జరిగి గీతను తాకుతూ నిలబడితే ఏమీ లేదు. పరుగెత్తి కోను నిలబెట్టి, రేడియోలో చెప్పి వెనక్కి వచ్చేలోపు ఇంకో కారు వచ్చేస్తుంది. అలా ఒకే మలుపులో వరసగా కార్లు చూస్తుంటే, ఎవరు ముందుగా బ్రేకు వేశారో, ఎవరు టైర్లను అరిపించి టైము పోగొట్టుకున్నారో కళ్లకు కడుతుంది. చప్పుడు ఎక్కువ చేసిన కారు వేగంగా వెళ్లినట్టు అనిపిస్తుంది గానీ, బోర్డు మీద టైము చూస్తే తెలుస్తుంది.

మొదట్లో నా రన్నులు అలాంటివే. ఓరోజు క్లబ్‌లో పాత డ్రైవరు ఒకాయన్ని నా కారు నడపమని అడిగి పక్కన కూర్చున్నాను. అవే టైర్లు, అదే గాలి. నాకంటే మూడు నాలుగు సెకన్లు తక్కువలో ముగించాడు. చేతులు పెద్దగా కదిలినట్టే లేదు. మలుపుకి చాలా ముందే బ్రేకు వదిలేశాడు, కారు తనంతట తానే తిరిగినట్టు తిరిగింది. తర్వాత నేను నడుపుతుంటే పక్కన కూర్చుని ఒక్కటే అడుగుతూ వచ్చాడు: "ఇప్పుడు ఏ కోను చూస్తున్నావు?" అమీర్‌పేటలో బైకు నడిపి పెరిగిన కళ్లు ముందున్న బండి బంపర్‌ని వదలవు. ఇక్కడ దగ్గరి కోనును చూస్తే దాన్నే గుద్దుతాం. దానికవతల రెండోదాన్ని చూడాలి. ఈ ఒక్క అలవాటు రావడానికి నాకు దాదాపు ఒక సీజన్ పట్టింది. అప్పటిదాకా కారు మీద పెట్టే డబ్బు దండగ అని నా అభిప్రాయం.

కారు విషయానికొస్తే, మాజ్డా స్టీరింగ్ బాగా మాట వింటుంది. ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్లే కారు కాబట్టి మలుపులోకి వేగంగా దూరితే ఎంత తిప్పినా నేరుగానే పోతుంది. అప్పుడు ఇంకా తిప్పకూడదు, కొంచెం వెనక్కి తేవాలి. మనసు ఒప్పుకోదు, కానీ అదే పని చేస్తుంది. ఇన్ని సీజన్లలో క్లచ్ మార్చలేదు, బ్రేకు ప్యాడ్లు మామూలుగానే అరిగాయి. నిజంగా దెబ్బతిన్నవి ముందు టైర్ల బయటి అంచులే.

కంపెనీ నుంచి వచ్చిన ఆల్ సీజన్ టైర్లతోనే మొదలుపెట్టండి. జారడం మొదలవగానే అవి అరుస్తాయి, నేర్చుకునేవాళ్లకి ఆ అరుపే పాఠం. ముందు టైర్లలో గాలి డోరు మీద రాసినదానికన్నా కొన్ని పీఎస్‌ఐ ఎక్కువ పెట్టి, టైరు భుజం మీద అంచు నుంచి పక్కకి సుద్దముక్కతో గీయండి. రన్ అయ్యాక వంగి చూడండి. టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. సుద్ద దాని కొన దగ్గరిదాకా చెరిగితే సరిపోయింది. కిందిదాకా చెరిగితే టైరు మడత పడుతోందని, ఇంకొంచెం గాలి కొట్టాలి.

రెండో దశలో 200 ట్రెడ్‌వేర్ టైర్లు. ట్రెడ్‌వేర్ అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, టైరు మీదే ఉంటుంది. పెద్దగా మార్పులు చేయని కార్లుండే స్ట్రీట్ వర్గంలో అంతకన్నా తక్కువ అంకె ఉన్నవి ఒప్పుకోరు. నేను హాంకూక్ ఆర్‌ఎస్4 వేశాను, చాలాకాలం వచ్చాయి. యోకోహామా ఏ052 పట్టు ఎక్కువ, కానీ త్వరగా అరుగుతుంది. ఇలాంటివి హైవే మీద రోద పెడతాయి, చలికి రాయిలా అవుతాయి. అందుకే వేరే రిమ్‌లకి ఎక్కించి, ఆ రోజుకే మారుస్తాను. చక్రాల నట్లు సరైన బిగువుకి బిగించడానికి ఒక టార్క్ రెంచి కొనుక్కోండి.

ఖర్చు: ఎంట్రీ ఫీజు నాకు 50 నుంచి 70 డాలర్ల మధ్య పడుతోంది. హెల్మెట్‌కి స్నెల్ లాంటి, క్లబ్ ఒప్పుకునే భద్రతా ముద్ర ఉండాలి, సైకిల్ హెల్మెట్ కుదరదు. చాలా క్లబ్బులు మొదట్లో అరువిస్తాయి. పెద్ద ఖర్చు టైర్లదే, ఒక సెట్టుకి వెయ్యి డాలర్ల దాకా. ఇంకోటి, మీ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి చదవండి. టైము కొలిచే ఏ పోటీకైనా వర్తించదని చాలా పాలసీల్లో రాసుంటుంది. కోను గుద్దితే బంపర్ మీద నారింజ మరక పడుతుంది, అది రుద్దితే పోతుంది. కానీ లైట్ స్తంభం దగ్గరగా ఉన్న లాట్ అయితే ఆలోచించాల్సిందే.

ఇంట్లో ఉన్నది ఎత్తైన ఎస్‌యూవీయో మినీవ్యానో అయితే బోల్తా భయంతో సాధారణంగా రానివ్వరు. అలాంటివాళ్లు స్నేహితుడి కారు పంచుకోవచ్చు, ఒకే కారులో ఇద్దరు విడివిడిగా ఎంట్రీ కట్టి నడపడం మామూలే. మా బావమరిది తన హైలాండర్ ఎస్‌యూవీ ఇంట్లో పెట్టి నా మాజ్డాలోనే నడుపుతున్నాడు. ఎంట్రీ ఫీజు వాడే కట్టుకుంటాడు, టైర్లలో సగం మాత్రం "ఇస్తాలే బావా" దగ్గరే ఆగింది.